గంగమ్మపాలెంలో వాసన సున్నా

నమోదు 41
గంగమ్మపాలెం: సున్నా

కాగితాల మీద మా ఉద్యోగం పేరు ఘ్రాణ పరిశీలకులు. బయట మమ్మల్ని ముక్కులోళ్లు అంటారు. పొద్దున్నే బ్యాటరీ బండి మీద నాకిచ్చిన వీధులన్నీ తిరుగుతాను. ప్రతి మలుపులో ఆగి, గాలి పీల్చి, చేతి పలక మీద అంకె నొక్కుతాను. సున్నా అంటే ఏ వాసనా లేదని, పది అంటే నిలబడలేమని. అంకె అయిదు దాటిందా, మధ్యాహ్నానికల్లా ఆ వీధికి లారీ వస్తుంది. వాసన దేని నుంచి వస్తే దాన్ని ఎత్తుకుపోతుంది.

ఒలింపిక్స్ రేవుపట్నానికి వస్తున్నాయన్న రోజు అందరితోపాటు నేనూ రోడ్డెక్కి ఈలలు వేశాను. ఇప్పుడు మా ఆఫీసు చూస్తే ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడిలా ఉంది. మేకలు పోయాయి. తోళ్లు ఊనే షెడ్లు పోయాయి. మురిక్కాలవ మీద రేకులు కప్పి ప్లాస్టిక్ మల్లెతీగలు పాకించారు. స్టేడియంలో గడ్డి ఎండకూడదని మా క్వార్టర్స్‌కి రోజు విడిచి రోజు నీళ్లు వదులుతున్నారు. బకెట్టు నీళ్లతో స్నానం చేసి, ఆ నీళ్లతోనే గది తుడిచి డ్యూటీకి వచ్చాను.

నా వీధుల్లో ఆఖరిది గంగమ్మపాలెం. నేను పుట్టిన చోటు. మా అమ్మ పోయాక కాసులమ్మ చిన్నమ్మ నన్ను సాకింది. ఎండు చేపల తట్ట నెత్తిన, నేను చంకన. అక్కడి అసలు అంకె ఆరు. నేను సున్నా నొక్కుతాను. మారథాన్ దారి పాలెం పక్కనుంచే పోతుంది కాబట్టి, అయిదు దాటితే జనాన్ని కొండ అవతలికి పంపుతారు, ఆటలయ్యేదాకా. మాంసం బజారునీ ఆటలయ్యేదాకా అనే తీసుకుపోయారు. ఇప్పుడక్కడ జెండాల తోట ఉంది. కాబట్టి నా సున్నా దొంగ సున్నానే అయినా మంచి సున్నా అనుకుంటూ వస్తున్నాను.

మా అధికారి విభాకర్ గారికి ఈ సంగతి తెలుసు. పలక అందుకుంటూ నవ్వుతారు. “మీ పాలెం సున్నాయే కదా, పోలేశ్వరి గారూ?” అంటారు. ఆ నవ్వు నాకు నచ్చదు, అయినా నేనూ నవ్వుతాను.

నమోదు 44
గంగమ్మపాలెం: సున్నా

మంచు మొదలైంది. దీపస్తంభాల మెడల్లోంచి తెల్లారగట్ల సన్నగా తుంపర దిగుతోంది. “గాలిని కడిగే మంచు” అని పోస్టర్లు వేశారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని దాని కింద గెంతుతున్నారు.

డ్యూటీకి ముందు మా ముక్కుల్లో చుక్కలు వేస్తున్నారు. మంచుకు ముక్కు ఎండిపోతుందట. మంటగా ఉంటాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మరి ఊళ్లో వాళ్ల ముక్కులు ఎండిపోవా అని అడిగాను. చుక్కలు వేసే నర్సు దూది నా చేతికిచ్చి, తరవాతి మనిషిని పిలిచింది.

నమోదు 49
గంగమ్మపాలెం: సున్నా

చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె కూతురు నీలవేణి పురిటికి వచ్చి ఉంది. మగపిల్లాడు. నీలవేణి కంటే నేను ఆరేళ్లు పెద్ద, దాన్ని ఎత్తుకు తిప్పిన అక్కని, దాని మాటలో అప్పని. పిల్లాణ్ని నా ఒళ్లో పెట్టి, “సూడప్పా, నీ ముక్కే ఒచ్చినాది” అంది. అంత ముక్కు ఎవరికి కావాలి గానీ, నాకు సంతోషమే అనిపించింది.

తెచ్చిన వెల్లుల్లి దంచుతూ కూర్చున్నాను. వాకిట్లో చిన్నమ్మ బేరం నడుస్తోంది. మా పాలెం బేరం ఎవరైనా చూడాల్సిందే. అమ్మే మనిషి గుప్పెడు చేపలు తీసి ముందు తన ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, తరవాత కొనేవాళ్ల ముక్కుకి ఆనిస్తుంది. ఇద్దరూ తలూపితేనే తక్కెడ పైకి లేస్తుంది. రెండు ముక్కుల బేరం అంటారు. తక్కెడ మోసం చేస్తుంది, నాలిక మోసం చేస్తుంది, ముక్కు చెయ్యదని చిన్నమ్మ మాట. చుట్టుపక్కల ఏ ఇంట బాలింత ఉన్నా, పథ్యానికి ఎండు నెత్తళ్లు చిన్నమ్మ దగ్గరే కొంటారు. చిన్న చేపలు, చిటికెనవేలంత. పాలు పడతాయని పెడతారు.

ఇవాళ కూడా చిన్నమ్మ వాసన చూసి తలూపింది. కొనడానికి వచ్చినామె చూసి తలూపింది. బేరం అయిపోయింది. ఆమె వెళ్లాక చిన్నమ్మ లోపలికి వచ్చి నా పక్కన కూలబడింది.

“ఒలే పోలీ, ఎవరితోనీ అనకే. నా ముక్కు సచ్చిపోనాది. నాలుగు రోజులై ఏటీ తెలవట్నేదు.”

రోకలి నా చేతిలో ఆగిపోయింది. దంచిన వెల్లుల్లి ఘాటు నాకు కళ్లదాకా కొడుతోంది. ఆమె ముక్కు దాని మీదే ఉంది.

“మరి తలూపావేం?”

“ఊపక? కాసులమ్మకి వాసన తెలవదంటే ఈ తట్ట ఎవులు కొంటారే? ఆయమ్మ సూసినాది గదా, బాగున్నాదనే ఊపినాది.”

ఆయమ్మా అంతే అయ్యుంటుంది. ఆ పాలెంలో ప్రతివాళ్లూ ముక్కు పోయింది తమకొక్కరికే అనుకుంటున్నారు. ఎదుటివాళ్లు తలూపారని తామూ తలూపుతున్నారు. మంచు గాలిని కడగడం లేదు. ముక్కుల్ని మొద్దుబారుస్తోంది. మా ముక్కులకి చుక్కలు అందుకే. వాసన తీయడానికి ఖర్చెక్కువ, తెలియకుండా చేయడానికి తక్కువ.

అప్పుడు నేను చెప్పాల్సింది. ఉద్యోగంలో చేరేటప్పుడు నోరు మెదపనని వేలిముద్ర వేశాను. “వయసు చిన్నమ్మా. అరవై దాటితే అలాగే అవుతుంది” అన్నాను.

“అంతేనంటావా?” అని ముక్కు తడుముకుంది. అబద్ధం చెప్పాక కూడా ఆమె వండిన చారు రెండుసార్లు పోయించుకుని తాగాను.

నమోదు 55
గంగమ్మపాలెం: సున్నా

ఇసుక మీద చేపలు ఎండబెట్టడం నిషేధించి, ఇంటికొక ఎండుపెట్టె ఇచ్చారు. బీరువా అంత ఉంటుంది. లోపల వేడి గాలి తిరుగుతుంది. మొదట్లో చిన్నమ్మకి నచ్చింది, కాకులు లేవు, వానభయం లేదు. ఈ వారం స్టేడియంలో దీపాల రిహార్సల్. అవి వెలిగినప్పుడల్లా పాలెంలో కరెంటు పోతోంది. పెట్టెలో సగం ఎండిన నెత్తళ్లు అలాగే ఉక్కలో ఉంటున్నాయి.

విభాకర్ గారితో చెప్పాను. “ఆటలు మొదలయ్యేదాకా ఓపిక పట్టమనండి. ప్రపంచమంతా మనల్ని చూస్తోంది” అన్నారు.

ప్రపంచం స్టేడియాన్ని చూస్తుంది సార్, పెట్టెలోకి చూడదు అనాలనిపించింది. అనలేదు. పైన పటారం, లోన లొటారం. ఆ లోన ఉన్నది మా చిన్నమ్మ.

నమోదు 63
గంగమ్మపాలెం: సున్నా

ఇవాళ్టి సంగతి రాస్తుంటే చెయ్యి సాగడం లేదు.

ఒలింపిక్స్ కమిటీ నుంచి తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. ఊళ్లోకి దిగి మూడు రోజులైంది కాబట్టి వాళ్ల ముక్కులూ ఈపాటికి మొద్దుబారే ఉంటాయి. రూలు ప్రకారం మాత్రం ధ్రువీకరించిన మనిషి ముక్కు ఒకటి వాళ్లకి అంకె చెప్పాలి. విభాకర్ గారు నన్ను ముందుకి తోశారు. వాళ్ల చెవుల్లో అనువాద గింజలున్నాయి. చుట్టుపక్కల ఎవరు ఏ మాటన్నా వాళ్లకి అర్థమైపోతుంది.

చేపలమ్మే ఇల్లు ఒకటి చూడాలన్నారు. వాళ్లే ఒక గడప ఎంచుకున్నారు. అది చిన్నమ్మది.

చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని ఎదురొచ్చింది. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. “మా గుంటేనండీ, మా పిల్లే” అని వాళ్లకి చెప్పింది. పొయ్యి పక్కన జల్లెడలో నెత్తళ్లు తీసి పెట్టి ఉన్నాయి. “ఇయాళ మా నీలవేణి పురుడయ్యాక మొదటిపాలి నీసు కూడు తింటాది. పథ్యం. మా పోలికి తెల్సు” అంది. గుప్పెడు తీసి తన ముక్కు దగ్గర పెట్టుకుని తలూపింది. అలవాటుకొద్దీ నా ముక్కుకి ఆనించింది.

కుళ్లు. ఎండు చేపకుండే నీచు కాదు. చేప లోపలినుంచి పాడైనప్పుడు వచ్చే పుల్లటి, తియ్యటి కుళ్లు. ఉప్పు, పసుపు వేసి ఉండడంతో రంగేమీ మారలేదు. ముక్కు తప్ప ఇంకేదీ దాన్ని పట్టుకోలేదు. అక్కడున్న వాళ్లందరిలో పనిచేసే ముక్కు నాదొక్కటే.

బృందంలో పొడుగాటి ఆడమనిషి నవ్వుతూ అడిగింది. “అంకె ఎంత?”

చిన్నమ్మ నా తలవైపే చూస్తోంది, ఊపుతానని. పారేయమని ఒక్క మాట అంటే గింజల్లో పడుతుంది. పాలెం కొండ అవతలికి పోతుంది. ఇలా రాసుకుంటే బాగానే ఉంటుంది. నిజానికి ముందు నా మనసులోకి వచ్చింది నా క్వార్టర్. ఆ తరవాత పాలెం.

తలూపాను. “సున్నా” అన్నాను.

చప్పట్లు కొట్టారు. వాళ్ల బండి ఎక్కుతూ అనుకున్నాను, మలుపు దాటగానే ఫోన్ చేద్దామని. పథ్యం కూడు మధ్యాహ్నం కదా, బోలెడు టైముంది. బండిలోనూ వాళ్లు పక్కనే కూర్చున్నారు. హోటల్‌కి వెళ్లాక చేద్దామనుకున్నాను. హోటల్లో నన్ను పెద్ద బల్ల మధ్యలో కూర్చోబెట్టారు. “ఈ నగరపు ముక్కు” అని విభాకర్ గారు నన్ను పరిచయం చేశారు. మామిడిపండు ఐస్‌క్రీం తెచ్చారు. నా క్వార్టర్‌లో నీళ్లే సరిగ్గా రావు, అక్కడ గాజు గిన్నెలో ఐస్‌క్రీం. పొడుగాటామె నా ముక్కుతో ఫొటో దిగుతానంటే అందరం నవ్వాం.

భయపడ్డానని రాస్తే కాస్త గౌరవంగా ఉంటుంది. నేను భయపడలేదు. మరిచిపోయాను. ఐస్‌క్రీం తింటున్నంతసేపూ చిన్నమ్మా, నీలవేణీ, ఆ గుప్పెడు చేపలూ నా తలలోంచి పోయాయి. గిన్నె అడుగున చెంచా తగిలినప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. ఎవరూ తీయలేదు.

నేను వెళ్లేసరికి నీలవేణిని ఆసుపత్రికి తీసుకుపోయారు. పొయ్యి పక్కన కంచం కడగకుండా ఉంది.

నమోదు 65
గంగమ్మపాలెం: వెళ్లలేదు

బతికింది. ఇంత రాయడానికి రెండు రోజులు పట్టింది. వాంతులూ విరేచనాలతో ఒళ్లంతా ఎండిపోయింది. రక్తపోటు పడిపోయి మొదటి రోజంతా మాట లేదు. పాలు తగ్గిపోయాయి, ఆ కొంచెమూ ఇప్పుడప్పుడే పట్టొద్దన్నారు. పిల్లాడికి డబ్బా పాలు. వాడు తాగనని మొహం తిప్పుకుంటున్నాడు.

చిన్నమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

“నా సేత్తో పెట్టినానే పోలీ. అది సాలమ్మా అంటే ఇంకో ముద్ద పెట్టినాను. పాలు పడతాయని. ముక్కు సచ్చినదాన్ని, ఎందుకు వండినాను?”

ఆమె చేతుల్లోంచి నా చేతులు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్ని, వాటిని ఊడబీకినదాన్ని అలా నిలబడే ఉన్నాను. వీపు తట్టాను కూడా. “ఊరుకో చిన్నమ్మా” అన్నాను. ఎంత నీచంగా అనిపించిందో!

రేపు గంగమ్మ గుడి ముందు తట్ట బోర్లిస్తానంది. మా పాలెంలో చెడిన సరుకు పెట్టి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చినవాళ్లు, పదిమందిలో తప్పొప్పుకుని తట్ట బోర్లించాలి. ఆపైన ఆ మనిషి దగ్గర ఎవరూ చేప కొనరు. నా ఎరుకలో ఎవరూ అంతదాకా తెచ్చుకోలేదు.

నమోదు 66
గంగమ్మపాలెం: ఆరు

ఆరు నొక్కి, పలక జేబులో పెట్టుకుని వెళ్లాను.

గుడి ముందు పాలెమంతా చేరింది. కులపెద్ద ఎల్లాజీ మావ అరుగు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ ఖాళీ తట్ట రెండు చేతులతో పట్టుకుని మధ్యలో నిలబడింది. నలభై ఏళ్లుగా ఆమె నెత్తిన ఉన్న తట్ట అది. అడుగు నెత్తిమీది కుదురు బట్టకి రాసుకుని నున్నగా అయిపోయింది.

“తప్పు నాదే మావా” అంటూ ఆమె వంగుతుంటే నేను అడ్డం వెళ్లాను.

“తప్పు ఆమెది కాదు. నాకు వాసన తెలిసింది. కుళ్లిపోయాయని తెలిసింది. తలూపాను.”

మిగతాది కూడా చెప్పాను. మంచు సంగతి, చుక్కల సంగతి, వయసని చెప్పిన అబద్ధం, ఐస్‌క్రీం. ఐస్‌క్రీం ఎందుకు చెప్పానో తెలియదు, అది దాచుకుంటే ఏదీ చెప్పనట్టే అనిపించింది.

ఎల్లాజీ మావ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “అయితే నా ముక్కు ఒక్కటే కాదన్నమాట” అన్నాడు చివరికి. వెనకనుంచి ఎవరో “నాకూ తెలవట్నేదు” అన్నారు. ఇంకొకరు, “మంచు పడిన కాణ్ణుంచీ నాకూ నేదు” అన్నారు. నిన్నటిదాకా తలూపిన తలలన్నీ కిందికి దిగాయి. చిన్నమ్మ దగ్గర నెత్తళ్లు కొన్నామె కొంగు నోట్లో కుక్కుకుంది.

“తట్ట నెత్తికెత్తుకో కాసులమ్మా. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు” అన్నాడు మావ.

చిన్నమ్మ తట్ట ఎత్తుకుంది. నా పక్కనుంచే వెళ్లింది. తిట్టలేదు, కొట్టలేదు. నన్ను చూడకుండా వెళ్లిపోయింది. కొట్టి ఉంటే బాగుండేది.

నమోదు 69

పలక తీసేసుకున్నారు, ఇది పాత పుస్తకంలో రాస్తున్నాను. విభాకర్ గారు కోప్పడలేదు. నా ఆరును చెరిపించి, “తనిఖీ రోజు సున్నా మాత్రం అలాగే ఉంటుంది, పోలేశ్వరి గారూ. వాళ్లు సంతోషపడ్డారు” అన్నారు. సున్నాని రద్దు చేయలేదు, నన్ను రద్దు చేశారు. అందువల్ల పాలెం కదలకుండా నిలిచింది. నా నిజం కంటే నా అబద్ధమే వాళ్లకి పనికొచ్చిందని నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మంచు ఆటలయ్యేదాకా ఉంటుందట. ఆ తరవాత ముక్కులు తిరిగొస్తాయా అని అడిగితే, రావచ్చన్నారు.

క్వార్టర్ ఖాళీ చేసి ఎక్కడికి పోతాను? పాలెం చివర పాత వలల పాకలో ఉంటున్నాను. చుక్కలు లేవు, ఇదివరకు వేసినవాటి బలం ఎన్నాళ్లో. నా ముక్కుకీ గడువు మొదలైంది.

పొద్దున్న తడిక చప్పుడైంది. తెరిస్తే చిన్నమ్మ. పలకరింపు లేదు. గుప్పెడు నెత్తళ్లు నా ముక్కు కింద పెట్టింది. బాగున్నాయి. “బాగున్నాయి” అన్నాను. వెళ్లిపోయింది. కాసేపటికి వీధిలో ఆమె కేక వినిపించింది, “ఎండు నెత్తల్లోయ్!” అని. తడిక పట్టుకుని ఏడ్చాను.

నమోదు 78

రోజూ వస్తోంది. రెండుసార్లు పాడైనవి పట్టుకున్నాను. మారు మాట లేకుండా తీసుకెళ్లి పాతిపెట్టింది. ఇప్పుడు పాలెంలో మిగతావాళ్లూ వరసలో నిలబడుతున్నారు, ఎవరి గుప్పెడు వాళ్లు పట్టుకుని. నీలవేణి ఇంటికొచ్చింది. పిల్లాడు డబ్బా పాలకి అలవాటుపడ్డాడు. నన్ను చూస్తే నీలవేణి తలుపు మూసుకుంటోంది. మూసుకోవాలి కూడా.

ఇవాళ వెల్లుల్లి నలిపి చూసుకున్నాను. దూరంగా ఎక్కడో ఉన్నట్టుంది.

నమోదు 84

ఇవాళ ప్రారంభోత్సవం. కొండ మీద పొద్దుటి నుంచే తారాజువ్వలు. మందు వాసన లేదు.

చిన్నమ్మ వచ్చింది. గుప్పెడు నా ముక్కు కింద పెట్టింది. గట్టిగా పీల్చాను. మళ్లీ పీల్చాను. చేప మూతికి తగులుతోంది, అంతే. ఆమె వెనక తట్ట నిండుగా ఉంది. ఆటలు చూడొచ్చినవాళ్లతో ఊరు నిండిపోయింది, ఇవాళ అమ్మితే నెల గడుస్తుంది. చేపలు చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి. రాత్రంతా కరెంటు కూడా ఉంది. తొంభై పాళ్లు బాగానే ఉండి ఉంటాయి. మెడ దానంతటదే వంగబోయింది, తలూపడానికి.

“తెలియడం లేదు చిన్నమ్మా.”

ఆమె చెయ్యి దించింది. గుడి ముందు నిలబడిన రోజు తరవాత మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

“నాకూ తెలవట్నేదే” అంది.

తట్టలో ఉన్నవన్నీ గొయ్యి తీసి పోసింది. ఖాళీ తట్టని నా గుమ్మం ముందు బోర్లించి, దాని మీదే కూర్చుంది. కొండ మీద మళ్లీ జువ్వలు లేచాయి. అటు చూస్తూనే అంది:

“ఈ మాట ఆయేళ నువ్వన్నేదు. నానూ అన్నేదు. ఇద్దర్లో ఒక్కులం అనున్నా నా పిల్ల పాలు నిలిసుండును.”